తల్లి రక్తము, తల్లి మనస్సు

చక్కెర లేని శీతలపానీయముల సీసాలమీదను, మధుమేహరోగులు కాఫీలో కలుపుకొనెడి తీపిబిళ్ళల డబ్బాలమీదను, కంటికి ఆనీ ఆననంత చిన్న అక్షరములలో, ఫినైల్‌కీటోన్యూరియా గలవారికి ఈ పదార్థము తగదను హెచ్చరిక యొకటి అచ్చువేయబడి యుండును. మనలో పెక్కుమంది దానిని చూడనే చూడరు; చూచినవారును అది యెవరినో ఉద్దేశించిన మాటయని తలచి దాటిపోవుదురు. ఆ పానీయమునకు తీపినిచ్చు అస్పర్టేమ్ అను కృత్రిమపదార్థము కడుపులో జీర్ణమగునపుడు ఫినైల్ అలనిన్ అను ఆమినో ఆమ్లము వెలువడును. పప్పులోను, పాలలోను, గ్రుడ్డులోను, మాంసములోను, తుదకు మనము నిత్యము భుజించు వరియన్నములోను ఉండి లోకులందరి దేహములను పోషించుచున్న ఆ ఆమ్లమే, బహు కొద్దిమంది దేహములలో మాత్రము, మెదడునకు విషతుల్యమగును.

ఇంతకంటె విచిత్రమైన విషయము మరియొకటి కలదు. ఆ వ్యాధితో జన్మించిన బాలిక, పథ్యము వలన రక్షింపబడి, పెరిగి, చదువుకొని, వివాహమాడి గర్భవతి యైనచో, ఆమె బిడ్డకు ఆ వ్యాధి సంక్రమింపకపోయినను, ఆమె రక్తము మూలముననే ఆ బిడ్డ మెదడును గుండెయు చెడుటకు అవకాశము కలదు. వ్యాధి లేని బిడ్డకు వ్యాధిఫలము ఎట్లు కలుగును? ఆ సంగతి తెలిసిన తల్లి ఆ తొమ్మిది నెలలను ఏ మనస్సుతో గడపును? మొదటి ప్రశ్న రసాయనశాస్త్రమునకును, రెండవది మనస్తత్త్వమునకును చెందినవని తోచును గాని, రెండింటి సమాధానమునకును మూలము ఒక్కటే. అది ఆమె నెత్తుటిలో కలదు.

బిగిసిన తూము

మనము తినెడి మాంసకృత్తులు జీర్ణకోశమున ఇరువది రకముల ఆమినో ఆమ్లములుగ విడిపోవును. వానిలో నొకటియైన ఫినైల్ అలనిన్‌ను మన దేహము స్వయముగ తయారు చేసికొనజాలదు, ఆహారమునుండి గ్రహింపవలసినదే. దేహనిర్మాణమునకు వలసినంత వినియోగపడిన పిమ్మట, మిగిలిన భాగమును కాలేయమునందలి ఎంజైము ఒకటి టైరోసిన్ అను వేరొక ఆమ్లముగ మార్చును. ఆ టైరోసిన్ నుండియే చర్మమునకును కేశములకును నలుపునిచ్చెడి వర్ణకమును, మెదడులో ఉత్సాహమును ఏకాగ్రతను నడపెడి డోపమిన్ అను రసాయనమును పుట్టుచున్నవి. ఈ ఎంజైమునకు మూలమైన జన్యువు పన్నెండవ క్రోమోసోముమీద కలదు. తల్లినుండి వచ్చిన ప్రతియు, తండ్రినుండి వచ్చిన ప్రతియు, రెండును చెడినప్పుడే వ్యాధి కలుగును. ఒక్కటి చెడినవారు వాహకులై, ఏ బాధయు ఎరుగక జీవింతురు.

గోదావరి డెల్టాలో పంటకాలువల గట్లవెంట పెరిగినవారికి దీనిని బోధపరచుట సులభము. తూము తలుపు బిగిసి లేవనిచో ఎగువచేలు మునుగును, దిగువచేలు ఎండును. లోపము ఒక్కటియే యైనను విపత్తులు రెండు. ఈ దేహములో ఎగువన ఫినైల్ అలనిన్ పొంగి పొరలును, దిగువన టైరోసిన్ కొరవడును. బిడ్డ పుట్టునప్పుడు చూచుటకు ఏ లోపమును కనబడదు, ఏలయన గర్భములో నున్నంతకాలము తల్లి కాలేయమే ఆ పనిని చేసిపెట్టుచుండెను. పాలు త్రాగనారంభించిన పిమ్మట రక్తములో వరదమట్టము దినదినమును పెరిగి, కొలది మాసములలోనే ఎదుగుచున్న మెదడును ముంచివేయును.

ఒక తరమును కాపాడిన నెత్తుటిబొట్టు

1934లో నార్వే దేశపు వైద్యుడు ఆస్బ్యోర్న్ ఫోలింగ్ ఈ వ్యాధిని కనుగొనెను. కనుగొనునట్లు చేసినది మాత్రము ఒక తల్లి. బోర్గ్నీ ఎగెలాండ్ అను నామె, తన యిద్దరు బిడ్డలకును బుద్ధి ఏల వికసింపలేదో, వారినుండి ఒక వింతవాసన ఏల వచ్చుచున్నదో చెప్పగలవారిని వెదకుచు ఏండ్ల తరబడి వైద్యులచుట్టు తిరిగి, తుదకు ఫోలింగ్ కడకు వచ్చెను. అతడు ఆ బిడ్డల మూత్రములో ఫెరిక్ క్లోరైడు కలుపగా అది ఆకుపచ్చగ మారెను. ఆ రంగును వెంబడించియే అతడు రహస్యమును ఛేదించెను. నోబెల్ బహుమానము పొందిన అమెరికా రచయిత్రి పెర్ల్ బక్ కుమార్తెదియు ఈ వ్యాధియే. 1920లో పుట్టిన ఆ బాలిక మనస్సు ఏల ఎదుగలేదో కారణమెరుగకయే ఆ తల్లి 1950లో తన వేదనను గ్రంథముగ వ్రాసెను. ఈ వ్యాధి చరిత్రలో వైద్యుల పేర్లతో సమానముగ తల్లుల దుఃఖమును లెక్కింపవలెనని నా నమ్మకము. దుఃఖమే ఇచ్చట పరిశోధనకు ప్రేరకమైనది.

1950 దశకపు తొలినాళ్ళలో ఇంగ్లండునందలి బర్మింగ్‌హామ్ పిల్లల ఆసుపత్రిలో హార్స్ట్ బికెల్, తన సహచరులతో గూడి, ఫినైల్ అలనిన్ తగ్గించిన ఆహారముతో ఒక పసిపిల్లకు చికిత్స చేసి గుణము చూపెను. మరి పదేండ్లకు, అమెరికాలోని బఫెలో నగరమున రాబర్ట్ గుత్రీ, పసికందు మడమనుండి తీసిన నెత్తుటిబొట్టును వడపోతకాగితముపై ఆరబెట్టి, ఒక సూక్ష్మజీవి ఆ మచ్చ చుట్టును పెరుగు తీరునుబట్టి వ్యాధిని పసిగట్టు ఉపాయమును సిద్ధము చేసెను. నేడు అమెరికాలో తెలుగువారి యింట పుట్టిన బిడ్డకును ఒకటి రెండు దినములలో మడమనుండి నెత్తురు తీయుటకు ఆదియందు కారణము ఆ పరీక్షయే.

ఇట్లు రక్షింపబడిన మొదటి తరపు బాలికలు బడులకు పోయిరి, ఉద్యోగములలో చేరిరి. మెదడు ఎదుగుట ముగిసిన పిమ్మట వరద వలన భయము లేదను తలంపుతో ఆనాటి వైద్యులు పెక్కుచోట్ల వారిచేత పథ్యమును బాల్యముననే మానిపించిరి. నిర్భయముగ అందరివలె తినుచు పెరిగిన ఆ యువతులు తల్లులు కావలసిన వయస్సునకు వచ్చినప్పుడు, ఎవరును సరిగ యోచింపని సమస్య యొకటి ఎదురుపడెను.

వారసత్వము కాని హాని

1950 దశకమున లండను వైద్యుడు చార్లెస్ డెంట్ ఒక సంగతిని ప్రస్తావించి యుండెను: ఈ వ్యాధి గల యొక తల్లికి పుట్టిన బిడ్డలు మందబుద్ధులైరి, కాని వారిలో ఎవరికిని ఆ వ్యాధి లేదు. తల్లి బిడ్డకు ఇచ్చునది చెడిన జన్యువు ఒక్కటి మాత్రమే. తండ్రి వాహకుడు కానిచో అతడిచ్చిన ప్రతి చక్కగ పనిచేయుచునే యుండును. కావున హాని వచ్చినది జన్యువునుండి కాదు, బిడ్డ నవమాసములు మునిగియున్న పరిసరమునుండి.

మనవారు మాయ యని పిలిచెడి జరాయువు ఆమినో ఆమ్లములను ఊరక జారవిడిచెడిది కాదు. ఎదుగుచున్న బిడ్డకు ఆకలి యధికము గనుక, శక్తి వెచ్చించి, పల్లపు కాలువనుండి మెరకచేనికి నీరు తోడునట్లు, తల్లి రక్తములోని దానికంటె ఎక్కువ సాంద్రతతో వానిని బిడ్డకు చేరవేయును. సామాన్య స్త్రీయందు ఇది వరము. ఈ తల్లియందు మాత్రము, ఆమె రక్తములో ఫినైల్ అలనిన్ ఎంత యున్నదో బిడ్డ రక్తములో అంతకు ఒకటిన్నర రెట్లు, కొందరిలో రెండు రెట్లు చేరును. కాలేయమింకను పక్వము కాని ఆ తొలివారములలో బిడ్డకు ఆత్మరక్షణ లేదు.

1980లో అమెరికా వైద్యులు లెంకీ, లెవీ అనువారు 155 మంది స్త్రీల 524 గర్భముల వృత్తాంతములను సేకరించి ప్రకటించిరి. తల్లి రక్తములో ఈ ఆమ్లము మిక్కిలి హెచ్చుగ నుండి, పథ్యము లేనిచోట, పుట్టిన బిడ్డలలో నూటికి 92 మందికి బుద్ధిమాంద్యమును, 73 మందికి తల చిన్నదగుటయు, 12 మందికి పుట్టుకతోనే గుండెలోపమును కనబడెను. ఆ అంకెలు చదివిన పాఠకుని హృదయము బరువెక్కును. ఆ అంకెలను తన వైద్యుని నోట విన్న గర్భిణి మాటయేమి? 1984లో అమెరికా, కెనడాలలో ఆరంభమై, పిమ్మట జర్మనీయు చేరిన దీర్ఘపరిశోధన యొకటి ఆమెకు ఆధారమైన సమాధానమును తెచ్చిపెట్టెను: గర్భమునకు ముందే, లేదా తొలి ఎనిమిది పది వారములలోపలనే, రక్తములోని మట్టమును దింపి కడవరకును నిలిపిన తల్లుల బిడ్డలు సామాన్యముగ ఇతర బిడ్డలవలెనే ఎదిగిరి. ఆలస్యమైన కొలదియు మేలు తగ్గినది గాని, పూర్తిగ పోలేదు. ఈ చివరి మాటను వైద్యులు గట్టిగ చెప్పవలసియున్నది, ఏలయన ఆలస్యముగ తెలిసికొన్న తల్లికి అంతయు ముగిసిపోయినదను నిరాశయే మొదట కలుగును.

వివరణ: కొన్ని కొలతలు

సామాన్యుని రక్తములో ఫినైల్ అలనిన్ లీటరునకు సుమారు 60 మైక్రోమోలులు. తీవ్రరూపపు వ్యాధిలో, పథ్యము లేనప్పుడు, 1200 దాటును. గర్భిణికి నిర్ణయించిన హద్దు 120 మొదలు 360 వరకు. ఒక గ్రాము మాంసకృత్తులో ఈ ఆమ్లము సుమారు 50 మిల్లీగ్రాములు. తీవ్రవ్యాధి గల స్త్రీకి గర్భారంభమున సహజాహారమునుండి దినమునకు పది గ్రాముల మాంసకృత్తు కూడ మించుట కష్టము. ఒక కోడిగ్రుడ్డులో ఆరు గ్రాములు, వంద గ్రాముల బియ్యములో ఏడు గ్రాముల వరకు నుండును. సగ్గుబియ్యములో ఇంచుమించు ఏమియు ఉండదు. కడమ పోషణ యంతయు, ఫినైల్ అలనిన్ తీసివేసి తక్కిన ఆమినో ఆమ్లములతో చేసిన యొక పొడిని నీటిలో కలిపి, దినమునకు పలుమారులు త్రాగుట వలన రావలెను. ఎంజైము కొంత మిగిలియున్న కొందరికి, 2007లో అమెరికాలో అనుమతి పొందిన సాప్రోప్టెరిన్ అను మందు సాయపడును.

వేవిళ్ళ నెలలు

ఇప్పుడు ఆ తల్లి దినచర్యను తలచి చూడుడు. బిడ్డ గుండె రూపొందునది గర్భము నిలిచిన మూడవ వారము మొదలు ఎనిమిదవ వారము వరకు. తాను గర్భవతినని స్త్రీకి తెలియుటయే తరచుగ ఐదారు వారముల పిమ్మట. ముందుగ సిద్ధపడనిచో సంతోషవార్తయు భయవార్తయు ఒక్క క్షణముననే చెవినిబడును. వైద్యులతో ముందుగ ఆలోచించి, నెలలకొలది పథ్యములో నుండి, రక్తపుమట్టము దిగిన పిమ్మటనే సంతానమునకు సంకల్పించిన స్త్రీకి కూడ నిశ్చింత లేదు. వారమునకొకసారి, రెండుసార్లు వ్రేలినుండి బొట్టు తీసి కాగితముపై ఆరబెట్టి పంపవలెను. ఫలితము వచ్చుటకు దినములు పట్టును. వచ్చిన అంకె నేటిది కాదు, మొన్నటిది. నేడు ఏమి జరుగుచున్నదో ఆమెకు తెలియదు. తెలిసిననాటికి అది గతము. ఇట్టి నిరీక్షణ ఎంత కఠినమో, పరీక్షాఫలితముకొరకు ఒక్కసారి ఎదురుచూచినవారికి తెలియును. ఆమె దానిని నలుబది వారములపాటు సహింపవలెను.

అందుపైన వేవిళ్ళు. మన యిండ్లలో వేవిళ్ళు శుభసూచకములు. కోడలికి అన్నము సహింపకున్నదని అత్తగారు ఇరుగుపొరుగులకు చెప్పుకొని మురిసిపోవును. ఈ వ్యాధి గల స్త్రీకి ప్రతి వాంతియు లెక్కింపవలసిన ప్రమాదము. తినినది నిలువనిచో దేహము ఆకలితో తన కండరములనే కరిగించుకొనును. కండరములు మాంసకృత్తులు గనుక, అవి కరిగినకొలదియు ఫినైల్ అలనిన్ రక్తములోనికి వచ్చిపడును. ఏమియు తినకపోయినను మట్టము పెరుగును. చేదును గబ్బువాసనయు గల ఆ పొడినీళ్ళను, వాసన సోకినంతనే డోకువచ్చు వేళలో, మింగవలెను. కక్కినచో మరల మింగవలెను. పథ్యము చెడగొట్టుకొన్నావా యని చుట్టములు అడుగుదురు. ఆమె చెడగొట్టుకొనలేదు, వేవిళ్ళు వచ్చినవి, అంతియే.

సీమంతపు వేడుకలో ఇద్దరికి సరిపడ తినవలెనని పెద్దలు ప్రేమతో వడ్డించు సమాజమున, పప్పు వలదు, పెరుగు వలదు, చలిమిడి ముద్దయైన తూచి తినవలెనని చెప్పవలసివచ్చిన స్త్రీకి కలుగు ఒంటరితనము మాటలకు అందదు. ఆమె తిరస్కరించుచున్నది అన్నమును కాదు, ఆప్యాయతను అని ఎదుటివారికి తోచును. ఆ అపార్థమును తొలగించు భారమును ఆమెమీద మోపుట న్యాయము కాదు. భర్తయో తల్లియో ముందుగ అందరికిని చెప్పిపెట్టవలసిన విషయమిది.

భయమునకు గల రసాయనము

వీని వలన కలుగు దిగులు సహజమేయని, ఎవరికైనను కలుగునని, ఇంతటితో ఊరకుండవచ్చును. కాని శాస్త్రము మరియొక మెట్టు లోనికి దిగినది. రక్తమునుండి మెదడులోనికి పోవు ద్వారమున ఒకే వాహకము పలు ఆమినో ఆమ్లములను మోయును. ఫినైల్ అలనిన్ అధికముగ నున్నప్పుడు అదియే ఆ వాహకమును ఆక్రమించుకొనుటచేత, టైరోసిన్‌నకును, ట్రిప్టోఫాన్ అను మరియొక ఆమ్లమునకును చోటు దొరకదు. మొదటిదానినుండి డోపమిన్, రెండవదానినుండి మనఃస్థైర్యమునకు తోడ్పడు సెరటోనిన్ పుట్టవలెను. ముడిసరకు చాలనందున రెండును తగ్గును. పెద్దవారిలో ఫలితము బుద్ధిమాంద్యము కాదు. చికాకు, నిస్పృహ, కారణము లేని ఆందోళన, చేయుచున్న పనిమీద చిత్తము నిలువకపోవుట. నెదర్లాండ్స్ పరిశోధకులు ఈ వ్యాధి గల కొద్దిమంది వయోజనులకు, ఎప్పుడు ఏది యిచ్చుచున్నారో ఎవరికిని తెలియకుండ, కొన్ని వారములు ఫినైల్ అలనిన్‌ను, కొన్ని వారములు ఉత్తపొడిని ఇచ్చి పరీక్షించి, ఆమ్లము పెరిగిన కాలమున మనఃస్థితియు ఏకాగ్రతయు దిగజారినట్లు 2011లో ప్రకటించిరి.

దీని భావమేమి? బిడ్డను బాధించు పదార్థమే తల్లి మనస్సును బాధించుచున్నది. మట్టము పెరిగిన వారమున ఆమెకు భయమధికమగును. భయము అధికమైన ఆ వారముననే ప్రతి గింజను తూచి, ప్రతి మిల్లీగ్రామును వ్రాసికొని, గడియారము చూచి పొడినీళ్ళు త్రాగవలసిన ఏకాగ్రత ఆమెకు కరవగును. ఏకాగ్రత చెడినచో పథ్యము తప్పును, పథ్యము తప్పినచో మట్టము మరల పెరుగును. ఈ సుడిలో చిక్కిన స్త్రీని చూచి నీకు బిడ్డమీద ప్రేమ లేదా యని మందలించువారు, జ్వరముతో వణకుచున్నవానిని స్థిరముగ నిలువుమని గద్దించువారితో సమానులు. ఆమె దిగులును వైద్యుడు స్వభావదోషముగ కాక, రక్తపరీక్షతోపాటు చదువవలసిన లక్షణముగ గ్రహింపవలెను. ఈ వారము మనస్సు ఎట్లున్నదని అడుగుట మర్యాదకొరకు కాదు, చికిత్సకొరకు.

గర్భస్థశిశువు చేసెడి సాయము

ఇరువదవ వారము దాటిన పిమ్మట పరిస్థితి మారును. ఇది నాకు ఈ శాస్త్రములోకెల్ల మనోహరమైన భాగము. బిడ్డ వేగముగ పెరుగుచు తన కండరములకొరకు ఫినైల్ అలనిన్‌ను వాడుకొనసాగును. అంతేకాక, తండ్రినుండి వచ్చిన మంచిజన్యువు మూలమున బిడ్డ కాలేయములో ఆ ఎంజైము పుట్టి, పనిచేయ మొదలిడును. తల్లి దేహమున జన్మాదిగ లేని పనిముట్టు, ఆమె కడుపులోనే, మరియొక దేహమున ఏర్పడినది. నిన్నటివరకు ఎవరిని రక్షించుటకై ఆమె ఉపవాసముండెనో ఆ బిడ్డయే ఇప్పుడు ఆమె భారమును పంచుకొనును. తినదగిన మాంసకృత్తు పరిమాణము కొందరిలో రెండింతలు, మూడింతలు అగును.

వైద్యులు ఇక కొంచెము పాలు త్రాగుమందురు, అన్నము పెంచుమందురు. కాని చిన్ననాటినుండి పాలను విషమని ఎరిగిన చేయి గ్లాసువైపు సాగదు. మట్టము 120కి దిగువకు జారినను బిడ్డ ఎదుగుదలకు మంచిది కాదు. ఎక్కువకు భయపడుట నేర్చిన తల్లి, తక్కువకును భయపడుట నేర్వవలెను. పథ్యము సడలించుట పథ్యము పట్టుటకంటె కొందరికి కష్టమగుట పైవారికి వింతగ తోచును. ఆమె జీవితమంతయు ఆ నిషేధముమీదనే నిలిచియున్నదని గుర్తించినవారికి వింత కాదు.

ప్రసవానంతరము

బిడ్డ పుట్టినంతనే ఆ సాయకుడు దేహమునుండి వేరుపడును. తల్లి మట్టము కొలది దినములలో పైకెగయును. అందరి చూపును ఊయలవైపు మరలును. వారము వారము ఫోను చేసి అంకె చెప్పిన ఆసుపత్రివారును ఊరకుందురు. నిద్రలేమి, బాలింతదిగులు, ఎగసిన ఫినైల్ అలనిన్, ఈ మూడును ఒక్కసారి మీదపడు ఆ వారములే, నా అభిప్రాయమున, ఆమెకు అన్నిటికంటె అపాయకరములు. పథ్యమును రక్తపరీక్షను ఆపవలసిన సమయమది కాదు. ఆమె చనుపాలు మాత్రము బిడ్డకు నిరపాయము. ఎంజైము గల బిడ్డ దానిలోని యధికమును తానే సరిచేసికొనగలదు.

బిడ్డకు వ్యాధి వచ్చునా రాదా యనునది తండ్రినిబట్టి యుండును. మన తెలుగు కుటుంబములకు ఇచ్చట ఒక లెక్క తెలియవలెను. ఈ వ్యాధి గల స్త్రీ తల్లి తప్పక వాహకురాలు. కావున మేనమామ వాహకుడగుటకు రెండింట ఒక పాలు అవకాశము కలదు, అతనిని వివాహమాడినచో ప్రతి బిడ్డకును నాలుగింట ఒక పాలు. మేనమామ కుమారుని వివాహమాడినచో ఎనిమిదింట ఒక పాలు. ఐరోపాలో సంబంధము లేని పరపురుషుడు వాహకుడగుట సుమారు ఏబదిమందిలో ఒక్కనికే. మేనరికపు సంబంధము నిశ్చయించుటకు ముందు జన్యుపరీక్ష చేయించుట ఇట్టి యింట తప్పనిసరి.

మన దేశములో నవజాతశిశువులందరికిని మడమపరీక్ష జరుగు ఏర్పాటు ఇంకను లేదు. స్వల్పరూపపు వ్యాధితో, తనకు వ్యాధి కలదనియే తెలియక, తల్లియైన స్త్రీ ఉండుట అసంభవము కాదు. డెంట్ ప్రస్తావించిన తల్లి విషయమున వ్యాధిని పట్టియిచ్చినది ఆమె బిడ్డల స్థితియే. ఒకే తల్లికి వరుసగ చిన్నతలలతో బిడ్డలు పుట్టినప్పుడు, గ్రహణము వేళ కదలినదనియు, తినరానిది తిన్నదనియు ఆమెను ఆడిపోసికొనుటకు మారుగ, బిడ్డల రక్తముతోపాటు తల్లి రక్తమును కూడ పరీక్షకు పంపవలెను. బిడ్డల రక్తములో లోపమేమియు కనబడకపోవచ్చును, తల్లి రక్తములో కనబడవచ్చును. అట్లు బయటపడిన తల్లి తరువాతి గర్భమునకు ముందే పథ్యము ఆరంభించి కడవరకు నిలుపుకొనినచో, ఆరోగ్యవంతమైన బిడ్డను కనుటకు ఆమెకు మంచి అవకాశము కలదు.